చెవులపిల్లి

నాలుగు డిగ్రీలు చాలు. వేలితో ఒక్క నెట్టు. ఇంజనులో నిప్పు ఎప్పుడు పడాలో తేల్చే ఆ డిస్ట్రిబ్యూటర్‌ను అటువైపు కాస్త జరిపి, బోల్టు బిగించి, చేతులు తుడుచుకుని వెళ్ళిపోతే ఎవడు కనిపెట్టగలడు, ఏ దేవుడు దిగివచ్చి చెబుతాడు? పైగా ఇక్కడ, ఈ షెడ్డులో, నిలబెట్టిన చోట, బండి ఇంకా కమ్మగా పాడుతుంది కూడా, వాడు వచ్చి విని అబ్బ అక్కా అంటాడు కూడా. తెలిసేది రేపు పొద్దున, కొండ దారిలో పోటీ మొదలై, మూడో గేరులో వాడు కాలు అదిమి తొక్కినప్పుడు, లోపల పిస్టన్ ఇంకా పైకి ఎక్కుతూనే ఉండగా మంట దాని నెత్తిన మొత్తినప్పుడు, ఒక దెబ్బా రెండు దెబ్బలా, నిమిషానికి వేల దెబ్బలు, అప్పుడు పిస్టన్ తల మైనంలా కరిగి చిల్లుపడి, బండి పొగ కక్కుకుంటూ దారి పక్కకు ఒరిగితే, అప్పుడు తెలుస్తుంది లోకానికి, నాన్నగారి చెవి ఎవరికొచ్చిందో. అలా అనుకుంటూ ఆమె డిస్ట్రిబ్యూటర్ మీద చెయ్యి వేసి ఉంచింది. వేడిగా ఉంది. తియ్యబుద్ధి కాలేదు.

తమ్ముడూ వాడి పెళ్ళామూ రేపటికి కావలసిన పెట్రోలూ టైర్లూ తేవడానికి వెళ్ళారు. గంటలో వచ్చేస్తామక్కా, ఈలోపు టైమింగ్ పెట్టేసి ఉంచు, అన్నాడు, పొయ్యి మీద పాలున్నాయి పొంగకుండా చూడమన్నంత తేలిగ్గా. ఫోను చేసిన రోజున మాత్రం గొంతు వేరు. కొత్త క్యాములు వేశానక్కా, బండి నిలబడటం లేదు, ఒక్కసారి వచ్చి వింటావా, అన్నాడు. చూస్తావా అనలేదు, వింటావా అన్నాడు, అంటే తెలుసన్నమాట వెధవకు, లోపలెక్కడో ఒక మూల తెలుసు. ఆ మరుక్షణమే గొంతు తగ్గించి, ఎవరితోనూ అనకక్కా, పోటీ ముందు బాగుండదు, అన్నాడు. బాగుండదు మరి! అంతకు వారం ముందే కదా మరదలు ముచ్చటపడి ఆ వీడియో పంపింది, ఎవరో మైకు పట్టుకుని అడుగుతున్నారు, వీడు కొత్త టోపీ పెట్టుకుని బానెట్ మీద చెయ్యేసి నవ్వుతున్నాడు, నాన్నగారి చెవి నాకొచ్చిందండీ, అది నేర్చుకుంటే వచ్చేది కాదు, పుట్టుకతో రావాలి. పుట్టుకతో వచ్చింది వాడి చెవికి చీము! బడికెళ్ళే వయసొచ్చినా కారుతూనే ఉండేది, రాత్రంతా ఏడ్చేవాడు, ఆ చెవిలో వెచ్చటి నూనె చుక్కలు పోసి, దూది పెట్టి, ఒళ్ళో పడుకోబెట్టుకుని జోకొట్టింది ఎవరట? సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా పెద్దలు. ఆ వీడియో ఆమె ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. చివరికి కళ్ళు మూసుకుని వినడం మొదలుపెట్టింది, గొంతులో ఎక్కడైనా తడబాటు దొరుకుతుందేమోనని. దొరకలేదు. వాడు నిజంగా నమ్మే అంటున్నాడు. అబద్ధమైతే క్షమించడం ఇంత కష్టమయ్యేది కాదు.

ఇంజను తలుపులు తెరిచి మూసే ఆ క్యాముల తప్పేం లేదు, ఆ మాటకొస్తే. మంచి సరుకు. ఎక్కడో ఎవరో శ్రద్ధగా చెక్కారు, వేలితో తడిమితే తెలుస్తుంది. కంపెనీ వేసి పంపే క్యాములు సంసారపక్షంగా ఉంటాయి, ఇంజనుకు కావలసినంత గాలి రాగానే తలుపు మూసేస్తాయి. బయట కొన్న ఈ పోటీ క్యాములు అలా కాదు, తలుపులు బార్లా తెరిచి పెడతాయి, గాలి వచ్చే తలుపూ పొగ పొయ్యే తలుపూ రెండూ తెరుచుకుని ఉన్న ఆ కాసేపట్లో పొయ్యే పొగ వెనక్కి తిరిగి మళ్ళీ ఇంట్లోకి దూరుతుంది. అందుకే నిలబడి ఉన్నప్పుడు ఇంజను గుడుగుడుమంటూ కుంటుతుంది, దగ్గుతుంది, ఆగిపోతుంది. పొగ కలిసిన గాలి బద్ధకంగా అంటుకుంటుంది కాబట్టి దానికి నిప్పు ముందుగా పెట్టాలి, పిస్టన్ పైకి రాకముందే, ఎంత ముందు అన్నదే విద్యంతా. అదే కొండెక్కేటప్పుడు గాలి నిండుగా వస్తుంది, చటుక్కున అంటుకుంటుంది, అప్పుడు కూడా అంత ముందుగా నిప్పు పెట్టావా, చచ్చావే. నిలబడితే ఒక బుద్ధి, ఎక్కేటప్పుడు ఒక బుద్ధి. మనుషులు మాత్రం వేరా, ఇంట్లో కూర్చున్నప్పుడు అక్కా అక్కా అని తిరిగినవాడే నాలుగు మెట్లెక్కగానే... సరే, పోనీ. ఆమె పొద్దుటినుంచీ ఆ రెండు బుద్ధుల మధ్యా రాజీ కుదురుస్తూనే ఉంది, డిస్ట్రిబ్యూటర్ విప్పి, వేగం పెరిగేకొద్దీ నిప్పును ఇంకా ముందుకు జరిపే లోపలి బరువులు మరీ దూరం విచ్చుకోకుండా ఒక ఇత్తడి ముక్క అరగదీసి అడ్డం పెట్టింది. తమ్ముడు షెడ్డు ముందు కుర్చీ వేసుకుని ఫోన్లు మాట్లాడుతూ కూర్చున్నాడు. ఒక్కసారైనా లేచి వచ్చి ఏం చేస్తున్నావని అడగలేదు. అడిగితే చెప్పేది.

పొడుగు స్క్రూడ్రైవరు ఇప్పటికీ అదే మేకుకు వేలాడుతోంది. చెక్క పిడి, మూడుచోట్ల చిట్లి, చేతి చెమటకు నల్లబడి. దాని మొన ఇంజను మీద ఆనించి, పిడిని చెవి దగ్గరి ఎముకకు అదిమిపెడితే లోపలి సంగతులన్నీ వినిపిస్తాయి, ఏ వాల్వు వదులైందో, ఏ బేరింగు ఏడుస్తోందో. మొదటిసారి అది పట్టుకున్నప్పుడు ఆమెకు గౌను మోకాళ్ళ పైకి ఉండేది, బానెట్ అందక ఒక పాత టైరు మీద నిలబడింది. నాన్న డిస్ట్రిబ్యూటర్ తిప్పుతున్నాడు, ఏదో పాత కారు, ఆమె ఉన్నట్టుండి, ఆపు నాన్నా, లోపలెవరో గాజుపూసలు డబ్బాలో పోసి కదుపుతున్నారు, అంది. నాన్న ఆగిపోయాడు. నిప్పు మరీ ముందుగా పడి పిస్టన్‌ను మొత్తే చప్పుడది, ఆయనకు వినబడలేదు. వెనక్కి తిప్పాడు. ఇప్పుడో? ఇప్పుడు లేవు. మళ్ళీ ముందుకు తిప్పాడు. ఇప్పుడో? ఇప్పుడున్నాయి. నాన్న ఆమె వంక ఎలా చూశాడనీ, దారిలో నడుస్తుంటే కాలికి బంగారం తగిలినవాడిలా చూశాడు. ఓసి నా చెవులపిల్లీ, అన్నాడు. ఆ రోజునుంచీ అదే పేరు. అసలు పేరు బడిలో ఒకళ్ళు, తర్వాత పెళ్ళి చేసుకున్నవాడు ఒకడు పిలిచారంతే.

అందరిముందూ వినకూడదు, చెప్పకూడదు, అదొక షరతు. కారు తెచ్చినవాళ్ళు ఎదురుగా నిలబడి చూస్తుంటారు, ఇంతింత ఇంజనుకు ఒక ఆడపిల్ల చెవి కొలమానమంటే వాళ్ళు బండి తిప్పుకుని పోతారు, నాన్న అలాగే అన్నాడు, తప్పుగా కూడా అనలేదు పాపం, వాన వస్తే గొడుగు వేసుకోవాలి అన్నట్టు అన్నాడు. అందుకని సైగలు కుదుర్చుకున్నారు. ఆమె అవతలివైపు నిలబడి, ఊరికే స్క్రూడ్రైవరు పట్టుకున్నట్టు, ఏదో బోల్టు చూస్తున్నట్టు వింటుంది. గడ్డం పైకెత్తితే ముందుకు తిప్పు. గడ్డం కిందికి దించితే వెనక్కి. కళ్ళు మూసుకుంటే చాలు, బిగించు. తండ్రీకూతుళ్ళిద్దరూ ఒక్క మాట లేకుండా ఎన్ని ఇంజన్లు నిలబెట్టారో! మరి చూసేవాళ్ళకు చూడటానికి ఏదో ఒకటి ఉండాలిగా, అందుకు తమ్ముడున్నాడు. వాడి చేతికి టైమింగ్ లైటు ఇచ్చేవాడు నాన్న, తుపాకీలా ఉంటుంది, మీట నొక్కితే తళుక్కు తళుక్కుమని ఇంజను ముందు తిరిగే పుల్లీ మీది మార్కు కదలకుండా నిలబడ్డట్టు కనిపిస్తుంది, అది చూసి వాడు ఎన్ని డిగ్రీల ముందు నిప్పు పడుతోందో గట్టిగా అంకెలు అరుస్తాడు, పది! పన్నెండు! నాన్న ఊఁ అంటాడు, కళ్ళు మాత్రం ఆమె గడ్డం మీదే ఉంటాయి. అబ్బాయి భలే పనిమంతుడండీ అనేవారు వచ్చినవాళ్ళు. నాన్న నవ్వి ఊరుకునేవాడు. ఊరుకోవడమే, ఆ ఊరుకోవడం మీదే కదా వాడి జీవితమంతా కట్టుకున్నాడు. వాడికి ఎవరూ చెప్పలేదు. లైటు పట్టినవాడు లైటే పని చేసిందనుకోక ఏమనుకుంటాడు? బోర్డు రాయించినప్పుడు కూడా ‘అండ్ సన్’ అని రాయించాడు నాన్న, రంగు ఆరకముందే ఆమెను పిలిచి చూపించి, అందరూ అలాగే రాస్తారే, అక్షరాలు బాగా కుదిరాయి కదూ, అన్నాడు. ఆమె కుదిరాయి అంది. నిజంగానే అక్షరాలు బాగా కుదిరాయి.

పెళ్ళయ్యాక నీళ్ళమోటార్లు బాగుచేసే కొట్టు. ఆయన మంచివాడు, రాగితీగ చుడుతూ రోజంతా మాట్లాడకుండా ఉండగలడు, మోటార్లకు చెవి అక్కర్లేదు, తిరిగితే తిరుగుతాయి లేకపోతే లేదు. ఆదివారాలు నాన్న కబురుచేసేవాడు, షెడ్డు సగం తలుపు దించి ఉంచేవాడు, అల్లుడేమీ అనుకోడుగా, అంటూనే బానెట్ ఎత్తేవాడు. నాన్న సొంత కారు ఇది, ఈ ఇంజనే, చేత్తో కూడగట్టింది, దీని ముక్క ముక్కా ఆమె విన్నది. ఒక ఆదివారం ఆమె గమనించింది, లైటు ఒక మాట చెబుతోంది, చెవి ఒక మాట. నాన్నా, పుల్లీ రబ్బరు వదిలేసినట్టుంది, పైచుట్టు జరుగుతోంది, మార్కు తప్పు చూపిస్తోంది, అంది. పుల్లీకి లోపలి బొడ్డు వేరు, పైచుట్టు వేరు, మధ్యలో రబ్బరు. రబ్బరు ముసలిదైతే పైచుట్టు మెల్లగా జారుతుంది, దానిమీద కొట్టిన మార్కు కూడా దాంతోపాటే పోతుంది, చూసేవాడికి మాత్రం మార్కు మార్కులాగే ఉంటుంది. నాన్న వంగి చూసి, నడుము పట్టుకుని లేచి, మనకు మార్కెందుకే చెవులపిల్లీ, నువ్వున్నావుగా, అన్నాడు. మురిసిపోయింది! అప్పుడు మురిసిపోయింది, పిచ్చిమొద్దు. కొత్త పుల్లీ వేయించుకోవయ్యా మహానుభావా, నేనెంతకాలం ఉంటాను నీ షెడ్డులో, అనడం తోచలేదు. ఆమె పెట్టిన టైమింగ్ మీదే ఆ ఇంజను ఇన్నేళ్ళూ తిరిగింది, తమ్ముడు ఎన్నడూ ఆ బోల్టు ముట్టుకోలేదు, ముట్టుకోవలసిన అవసరం రాలేదు. క్యాములు మార్చడానికి డిస్ట్రిబ్యూటర్ విప్పేదాకా.

నాన్న చివరి రోజున కూడా మాట లేదు. పక్షవాతం నోరు లాగేసింది, కళ్ళు మాత్రం మిగిలాయి. ఊపిరి కుంటుతోంది, ఒకటి తీసి ఒకటి మింగి, మళ్ళీ రెండు గబగబా, మళ్ళీ ఎంతోసేపు ఏమీ లేదు. ఆమె మంచం అవతల కూర్చుని వింటోంది. వినకుండా ఉండటం ఎలాగో ఆమెకు ఎన్నడూ చేతకాలేదు. మధ్యాహ్నం ఏదో మందు కావాలంటే తమ్ముడు పరిగెత్తాడు. అప్పుడు నాన్న తల కాస్త తిప్పి ఆమె వంక చూశాడు. ఆ చూపు ఆమెకు తెలుసు. బానెట్ అవతలినుంచి వేలసార్లు చూసిన చూపు. ఏమంటావు, ఇంకా తిప్పనా? ఆమె విన్నది. ఇంకెంత తిప్పినా కుదరదని విన్నది. గడ్డం ఎత్తలేదు, దించలేదు. కళ్ళు మూసుకుంది. చాలు నాన్నా, బిగించెయ్. కళ్ళు తెరిచేసరికి ఆయన ఆపేశాడు. తమ్ముడు మందు సీసాతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆ తర్వాత ఎంతమందితో అన్నాడో, నాన్న ప్రాణం పోతుంటే అక్క కునుకు తీస్తోందండీ, పాపం అలసిపోయింది. పాపం అని కూడా చేర్చాడు! ఆ పాపం అన్న మాటకే ఆమెకు ఒళ్ళు మండింది, ఇప్పటికీ మండుతోంది. చెప్పవచ్చుగా అంటారు ఎవరైనా. ఏమని చెప్పాలి, ఎవరితో చెప్పాలి? కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది. చెబితే నాన్న అబద్ధాలకోరవుతాడు, తమ్ముడు వెర్రివాడవుతాడు, తను అసూయపరురాలవుతుంది. ముగ్గురికీ మూడు పేర్లు పెట్టుకుని ఏం చేసుకోను అనుకుని ఊరుకుంది. ఊరుకోవడం నాన్న దగ్గరే నేర్చుకుంది మరి.

ఇప్పుడు చెయ్యి డిస్ట్రిబ్యూటర్ మీద ఉంది. ఇంజను నడుస్తోంది. ఎదురుగా పుల్లీ మీద పొద్దున గీసిన సుద్దగీత గిరగిరా తిరుగుతోంది. అది అసలు గీత. మొదటి ప్లగ్గు తీసి, ఆ కన్నంలో ఒక ఇనుప పిన్ను బిగించి, ఇంజనును చేత్తో ఇటునుంచి తిప్పి పిస్టన్ తగిలిన చోట ఒక గుర్తు, అటునుంచి తిప్పి తగిలిన చోట ఇంకో గుర్తు, ఆ రెండింటికీ సరిగ్గా నడుమ ఉన్నదే పిస్టన్ నిజంగా పైకొచ్చే చోటు. పుల్లీ మీద కొట్టిన మార్కు దానికి వేలెడు దూరంలో ఉంది. ఎనిమిది డిగ్రీలు ముందుకు పాకింది దొంగముండ. పిన్ను ఇంకా ఆమె చొక్కా జేబులోనే ఉంది, వంగినప్పుడల్లా పొట్టకు గుచ్చుకుంటోంది. ఆమె బోల్టు వదులు చేసింది. నెమ్మదిగా, వేలి కణుపంత కూడా కాదు, ముందుకు నెట్టింది. ఇంజను దగ్గు తగ్గింది. కుంటు తగ్గింది. ఎంత ముద్దుగా మారిందో గొంతు, బుజ్జగించినట్టు, నెయ్యి వేసినట్టు, నాలుగు డిగ్రీల మోసానికి ఇంత తియ్యదనమా! ఇలాగే వదిలెయ్, అంది మనసు. వాడికి చెవి ఉందటగా, విననీ. రేపు అందరిముందూ విననీ. మైకు పట్టుకున్నవాడు మళ్ళీ వస్తాడు, అప్పుడు చెప్పనీ ఏ పుట్టుకతో వచ్చిందో. చెమట కళ్ళలోకి కారుతోంది. మేకునుంచి స్క్రూడ్రైవరు అందుకుని, పిడి ఎముకకు ఆనించి వింది. అలవాటు. లోపల నాలుగు పిస్టన్లూ తమ పని తాము చేసుకుపోతున్నాయి, వాటికి అక్కా తెలీదు తమ్ముడూ తెలీదు, ఎప్పుడు నిప్పు పెడితే అప్పుడు మండుతాయి, ఎవరు పెట్టారని అడగవు. ఈ ఇంజను వాడిదెలా అవుతుంది? పాడైతే పాడయ్యేది నాన్నది. నాన్నదీ నాదీ. ఛీ, ఏం బతుకే నీది, అంది పైకే. వెనక్కి తిప్పింది. ఇంజను మళ్ళీ కుంటింది, నిజాయితీగా, ముసలి దగ్గుతో. సుద్దగీతకు లైటు వేసి సరిచూసి, బోల్టు బిగించింది.

బిగించాక ఊరుకుంటే ఎలా, గోడకు వినిపించాలి కదా. షెడ్డు గేటు బయట ఎత్తుదారి, ఆ దారి పొడుగునా పాత గోదాము గోడ. గోడలకు చెవులుంటాయంటారు కానీ ఈ గోడకు నోరుందే, అనేవాడు నాన్న. కారు అద్దం దించి ఆ గోడ పక్కనే మూడో గేరులో తొక్కుకుంటూ ఎక్కితే ఇంజను చప్పుడు గోడకు కొట్టుకుని తిరిగొచ్చి చెవిలో పడుతుంది, గాజుపూసలుంటే అక్కడ దొరికిపోతాయి. ఆమె తొక్కింది. అబ్బ, ఏం లాగుడు లాగిందనీ! కుంటిది కాస్తా రెక్కలొచ్చినట్టు లేచింది, సీటు వీపుకు అంటుకుపోయింది, గోడ మొత్తం ఒక్కటే గొంతుతో అరిచింది, శుభ్రంగా, ఒక్క పూస కూడా లేకుండా. ఇంకో డిగ్రీ పెడితే ఎక్కువ, ఒకటి తీస్తే తక్కువ, సరిగ్గా ఆ అంచు మీద. ఎత్తు చివర ఆగి ఆమె నవ్వింది. ఎన్నేళ్ళయిందో ఇలా నవ్వి. వాడు రానీ, అనుకుంది, వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఒకసారి ఈ గోడ వినిపిస్తాను, పుల్లీ సంగతి చెబుతాను, మెల్లగా, నవ్వుతూ, ఆ సైగల సంగతి కూడా చెప్పేస్తానేమో, ఒరే పిచ్చోడా నువ్వు అంకెలు అరిచేటప్పుడు నాన్న ఎటు చూసేవాడో తెలుసా అని. ఇద్దరం నవ్వుకుంటాం. అంత ఆశ! వెనక్కి వచ్చి బండి షెడ్డులో పెట్టి, ఇంజను ఆపకుండా ఉంచింది, వాడు రాగానే వింటాడని.

వాడు వచ్చాడు. టైర్లు దించాడు. మరదలు ఫోను పైకెత్తి వీడియో తీస్తూ వెనకే వచ్చింది.

“అయిందా అక్కా?”

“అయింది. గోడ పక్కన తిప్పుకొచ్చాను కూడా. శుభ్రంగా ఉంది. రా, కూర్చో, నువ్వూ వినొచ్చు.”

“ఆగు, ఒకసారి చూస్తాను,” అని మేకునుంచి లైటు అందుకున్నాడు. వంగాడు. తళుక్కు తళుక్కు. వాడి మొహం మారడం ఆమె చూసింది. “ఇదేంటక్కా, ఇంత వెనకుందేంటి? క్యాములమ్మినవాడు పద్నాలుగుండాలన్నాడు. ఇక్కడ ఆరు చూపిస్తోంది.”

“పుల్లీ జరిగింది రా. రబ్బరు వదిలేసి పైచుట్టు ముందుకొచ్చేసింది. ఆ మార్కు నమ్మకు. ఆ సుద్దగీత ఉంది చూడు, అదీ అసలుది. దాని లెక్కన పద్నాలుగే.”

వాడు ఇంజను ఆపాడు. పుల్లీ మీదికి వంగి సుద్దగీత చూశాడు. బొటనవేలితో రుద్దాడు, అంటిన మురికి తుడిచినట్టు, గీత పోయింది.

“నాన్న ముప్పై ఏళ్ళు ఈ మార్కుకే పెట్టాడక్కా. లైటు పట్టింది నేను. నాకు తెలీదా?”

నాన్న మార్కు చూడలేదు రా. ఆ మాట నాలుక మీద కూర్చుంది, మరదలి ఫోను ఎర్రచుక్క వెలుగుతూ ఇటే చూస్తోంది. ఆమె జేబులో చెయ్యి పెట్టింది. పిన్ను తగిలింది. ప్లగ్గు తీసి, పిన్ను బిగించి, వాడి చేత్తోనే ఇంజను తిప్పించి చూపిస్తే, టీ తాగేంత సేపు కూడా పట్టదు. చెవి కూడా అక్కర్లేదు దానికి, కళ్ళున్నవాడికి చాలు. తీస్తోంది కూడా, చెయ్యి సగం బయటకు వచ్చింది కూడా, ఇంతలో వాడు దగ్గరకు వచ్చి, మరదలికి వినబడకుండా, ఎంతో జాలిగా, ఎంతో పెద్దరికంగా అన్నాడు.

“అక్కా. నామీద కోపముంటే నన్ను తిట్టు, పడతాను. నాన్న ఇంజను మీద చూపించకు.”

చెయ్యి జేబులోకి వెళ్ళిపోయింది. దాని అంతట అదే వెళ్ళిపోయింది. ఏమంటున్నాడు వీడు? చెయ్యగలిగీ చెయ్యని పనికి, ఒక్క నెట్టు నెట్టి మళ్ళీ వెనక్కి తెచ్చిన పనికి, ఎవరూ చూడని చోట తనతో తాను కొట్లాడి గెలిచిన పనికి ఇదా కూలి? చేసి ఉంటే పీడా పోయేది, కనీసం నింద నిజమయ్యేది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడికి నాలుగో కాలు ఎవడు చూపించగలడు, చూపించనూ లేను, చూపించనూ అక్కర్లేదు, నాకేం పట్టింది, నేనెవర్ని ఇక్కడ, బోర్డు మీద ఉన్నానా? వాడు ఇంజను మళ్ళీ వేశాడు, బోల్టు వదులు చేశాడు, లైటు ఒక చేత్తో, డిస్ట్రిబ్యూటర్ ఒక చేత్తో, మార్కునే చూస్తూ తిప్పాడు. తను నాలుగు దగ్గర ఆగి ఛీ అనుకుంది. వాడు ఎనిమిదీ తిప్పాడు. ఒక్కసారి తల ఎత్తితే, అనుకుంది ఆమె. నాన్న చూసినట్టు బానెట్ మీదుగా ఒక్కసారి ఇటు చూస్తే గడ్డం దించుతాను, ఒట్టు. స్క్రూడ్రైవరు ఆమె చేతిలోనే ఉంది, మొన ఇంజను మీదే ఉంది. వాడు ఎత్తలేదు. ఇంజను కుంటు మానేసింది, దగ్గు మానేసింది, నెయ్యి పోసినట్టు పాడటం మొదలుపెట్టింది.

“చూశావా! చూశావా!” అన్నాడు. మొహం నిండా చిన్నప్పటి నవ్వు, పది! పన్నెండు! అని అరిచినప్పటి నవ్వు.

“అబ్బ, ఎంత మార్పండీ!” అంది మరదలు. “చెవంటే చెవే.”

వాడు బోల్టు బిగించి, అప్పుడు, అంతా అయిపోయాక, తల ఎత్తాడు. “ఎలా ఉందక్కా?” అన్నాడు. జన్మలో మొదటిసారి ఒక మనిషి నోరు తెరిచి, నలుగురిముందు కాకపోయినా ఒకరిముందు, ఆమెను అడిగాడు.

“ఇక్కడ బాగానే ఉంది,” అంది ఆమె.

వాడు ఎగిరి గంతేసినంత పని చేశాడు. అటునుంచి అటే వెళ్ళిపోతానక్కా, అక్కడ అందరూ ఎదురుచూస్తున్నారు, టైర్లు నీ మరదలు తెస్తుంది వెనకాల, నువ్వు తాళం వేసి దీనికిచ్చెయ్, అన్నాడు. కాళ్ళకు దండం కూడా పెట్టబోయాడు, ఆమె పక్కకు జరిగింది. కారు గేటు దాటింది. ఎండ బానెట్ మీద తళుక్కుమంది. అద్దాలు ఎత్తేసుకున్నాడు. ఆమె స్క్రూడ్రైవరు పట్టుకునే గేటు దాకా నడిచింది, ఎందుకు నడిచిందో తెలీదు. ఫోను సంచిలో ఉంది, సంచి బల్ల మీద ఉంది, బల్ల ఎంతో దూరం లేదు. వాడు ఎత్తుదారి మొదట్లో రెండో గేరు వేశాడు. మూడోది వేశాడు. తొక్కాడు. గోడ నోరు తెరిచింది. మొదట మామూలు అరుపే, గట్టి అరుపు, మరదలు చప్పట్లు కొట్టింది, ఆ అరుపు అడుగున, సన్నగా, ఎక్కడో డబ్బాలో, గాజుపూసలు. కాసిని. ఇంకాసిని. ఆ తర్వాత గుప్పెళ్ళు గుప్పెళ్ళు.

“ఎంత బాగా లాగుతోందో కదా వదినా?” అంది మరదలు.

ఆ మాట ఆమె వినడం లేదు. ఆమె గడ్డం దానంతట అది కిందికి దిగింది. వెనక్కి. కారు గోడ చివరికి చేరింది, చిన్నదైంది, మలుపు తిరుగుతోంది. ఆమె గడ్డం ఇంకా కిందికి దించింది, మెడ నొప్పెట్టేలా, గుండెకు తగిలేలా, వెనక్కి రా నాన్నా, ఇంకా వెనక్కి, అవతలివైపు ఎవరో నిలబడి చూస్తున్నట్టు.

మలుపు దగ్గర దుమ్ము లేచింది. అవతల ఎవరూ లేరు.